లేజర్ లైటు లెన్సుతో ఇంట్లో కట్టిన ఫోన్ మైక్రోస్కోప్: కొన్నేళ్లు వాడాక

ప్లైవుడ్ ముక్క, మూడు 8 ఎంఎం బోల్టులు, రెండు అక్రిలిక్ షీట్లు, పాత లేజర్ లైటులోంచి తీసిన చిన్న లెన్స్. సామానంతా ఇంతే. పై షీటుకు చిల్లు పెట్టి లెన్స్ బిగిస్తాం. కెమెరా సరిగ్గా దాని మీదకు వచ్చేలా ఫోన్ పెడతాం. కింది షీటు మీద చూడాల్సిన వస్తువు, దాని అడుగున ఎల్ఈడీ టార్చి. టార్చి మీద ట్రేసింగ్ పేపరు ముక్క తప్పకుండా వేయండి. లేకపోతే వెలుగు గుచ్చినట్టు పడి అంచులు కనిపించవు.

పెద్దగా చేసి చూపించడం వరకే అయితే ఇది కొన్నాళ్ల ముచ్చటగా మిగిలిపోయేది. ఉల్లిపొర, చీమ కాలు, ఉప్పురవ్వ చూశాక ఇంకేం చూడాలనిపిస్తుంది. నా బల్ల మీద ఇప్పటికీ ఉందంటే కారణం కొలత. 17వ శతాబ్దంలో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో, సూక్ష్మజీవుల్ని తొలిసారి చూసిన లీవెన్‌హుక్ కూడా ఒంటి లెన్సుతోనే చూస్తూ, తనకు కనిపించిన జీవుల సైజును ఇసుకరేణువుతో పోల్చి చెప్పేవాడు. మనకు ఆ ఇబ్బంది లేదు. స్కేలు ఫొటో ఒకటి తీస్తే చాలు.

అరమిల్లీమీటరు గీతలున్న స్టీలు స్కేలును పైనుంచి వెలుగు వేసి ఫొటో తీయండి. గీత ఎడమ అంచు నుంచి పక్క గీత ఎడమ అంచు దాకా పిక్సెళ్లు లెక్కపెట్టాలి. గీతకే మందం ఉంటుంది కాబట్టి మధ్యనుంచి అంచనా వేస్తే తేడా వస్తుంది. నా సెటప్‌లో ఒక మిల్లీమీటరుకు 640 పిక్సెళ్లు వచ్చాయి, అంటే పిక్సెల్‌కు 1.56 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). తల వెంట్రుక 45 పిక్సెళ్లు పట్టింది, లెక్క కడితే 70 మైక్రాన్లు. ఈ పనికి అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో వేన్ రాస్‌బాండ్ తయారుచేసిన ఇమేజ్‌జె అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడతాను. మిల్లీమీటరుకు ఎన్ని పిక్సెళ్లో ఒకసారి చెబితే, ఆ తర్వాత ఫొటో మీద గీత గీసినప్పుడల్లా కొలత తనే చూపిస్తుంది.

స్కేలు మీద నమ్మకం కుదరకపోతే ల్యాప్‌టాప్ స్క్రీన్‌తో సరిచూసుకోండి. 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ స్క్రీన్‌లో ఒక్కో పిక్సెల్ 0.18 మిల్లీమీటర్లు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చారలు పక్కపక్కనే ఎంత స్పష్టంగా కనిపిస్తాయంటే, పిల్లలు అక్కణ్నుంచి కదలరు.

నాకు అన్నిటికంటే నచ్చింది నూలు. పొందూరు ఖద్దరు సన్నదనం గురించి చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. ఆ పంచె పోగు కొలిస్తే దాదాపు 0.1 మిల్లీమీటరు వచ్చింది. మామూలు దుప్పటి పోగు దానికి రెట్టింపు. పోగు విప్పి దూదిపీచు ఒక్కటే పెడితే మెలికలు తిరిగిన రిబ్బన్‌లా ఉంటుంది. అంత సన్నని పీచుల్ని చేత్తో వడికి పోగు చేసినవాళ్లకు దండం పెట్టాలి. మందార పుప్పొడి కూడా బాగుంటుంది, ఒంటి నిండా ముళ్లతో 0.15 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది.

ఇక పరిమితులు. బంగాళదుంప పిండి రేణువులు కొలవగలం, బియ్యప్పిండివి మాత్రం చుక్కల్లా కనిపిస్తాయి తప్ప కొలతకు దొరకవు. బాక్టీరియా మీద ఆశ పెట్టుకోవద్దు. ఫొటో అంచుల్లో లెన్స్ వంపు వల్ల కొలత మారిపోతుంది కాబట్టి వస్తువు ఎప్పుడూ మధ్యలోనే ఉండాలి. ఫోకస్ ఓపిక పరీక్షిస్తుంది. 8 ఎంఎం బోల్టు నట్టును ఒక చుట్టు తిప్పితే షీటు 1.25 మిల్లీమీటర్లు జరుగుతుంది, మనకు కావాల్సింది అందులో వందో వంతు. వానాకాలంలో ప్లైవుడ్ ఉబ్బి షీట్లు వాలిపోతాయి, బోల్టులు తుప్పు పడతాయి. కొత్తగా కట్టేవాళ్లు స్టెయిన్‌లెస్ బోల్టులే కొనండి, అప్పుడప్పుడూ కుట్టుమిషన్ నూనె చుక్క వేయండి.

స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్, జిమ్ సిబుల్‌స్కీ రూపొందించిన కాగితపు మైక్రోస్కోప్ ఫోల్డ్‌స్కోప్ 140 రెట్లు పెద్దగా చూపిస్తుంది, జేబులో పడుతుంది. చెరువు గట్టుకు తీసుకెళ్లాలంటే అదే మేలు. కొలతలకు మాత్రం కదలని స్టాండే కావాలి.

చివరిగా ఫోన్ సంగతి. రెండు మూడు కెమెరాలున్న ఫోన్లు దగ్గరి వస్తువు కనబడగానే వాటంతట అవే మాక్రోకు, అంటే దగ్గరి ఫొటోల కెమెరాకు మారిపోతాయి, అప్పుడు కొలత గల్లంతే. సెట్టింగ్స్‌లో ఆ ఆప్షన్ ఆపేసి, మెయిన్ కెమెరానే జూమ్ కదపకుండా వాడండి. ఫోన్ మారిస్తే స్కేలు ఫొటో మళ్లీ తీయాల్సిందే.