ఫారం, షీట్ ఎవరి జీమెయిల్‌లో ఉన్నాయో చూడకుండా డబ్బు కట్టకండి

నెల్లూరు జిల్లాలో కోవూరు, బుచ్చిరెడ్డిపాలెం, ఇందుకూరుపేట వైపు బియ్యం నేరుగా అమ్ముకుంటున్న రైతు గ్రూపులు ఇది తప్పకుండా చదవాలి. "ఆర్డర్ల వెబ్‌సైట్ చేసిస్తాం, కస్టమర్ ఫారం నింపగానే వివరాలన్నీ షీట్‌లో పడతాయి, గ్రూపులో అందరూ చూసుకోవచ్చు" అని ఎవరైనా వస్తే, అడ్వాన్సు ఇచ్చేముందు ఒక్క మాట అడగండి. ఆ ఫారం, ఆ షీట్ ఎవరి జీమెయిల్ మీద ఉంటాయి?

మా గ్రూపుకి నెల్లూరులో ఒకాయన ఇలాగే చేసిచ్చాడు. ముందు 18,000 రూపాయలు, ఆపైన నెలనెలా మెయింటెనెన్స్. తన సొంత సాఫ్ట్‌వేర్ అన్నాడు. తీరా అది గూగుల్ ఫారం, దానికి కలిపిన గూగుల్ షీట్, ఆ రెండూ అతికించిన గూగుల్ సైట్స్ పేజీ. మూడూ ఉచితమే. పని చేసినందుకు డబ్బు తీసుకోవడాన్ని నేను తప్పు పట్టను. కానీ మూడింటికీ ఓనరు ఆయనే. మాకిచ్చింది ఎడిటర్ హక్కు మాత్రమే, దాన్ని ఆయన ఏ నిమిషానైనా తీసెయ్యొచ్చు.

తీసేశాడు కూడా. సంక్రాంతి ముందు ఆర్డర్లు పెరిగేసరికి, "మీ ఆర్డర్ అందింది" అని కస్టమర్లకు వెళ్లే మెయిల్స్ మధ్యాహ్నానికే ఆగిపోయేవి. సర్వర్ అప్‌గ్రేడ్ చెయ్యాలి, ఇంకో 6,000 కట్టమన్నాడు. అక్కడ సర్వరే లేదు. మామూలు జీమెయిల్ ఖాతా నుంచి స్క్రిప్టుతో, అంటే మెయిల్స్ వాటంతటవే వెళ్లేలా రాసిన చిన్న ప్రోగ్రాంతో, రోజుకు 100 మందికే మెయిల్ పంపనిస్తుంది గూగుల్. ఆ మాట చెప్పి, ఆ డబ్బు కట్టం అన్నాం. సాయంత్రానికల్లా షీట్ తెరిస్తే "మీకు యాక్సెస్ లేదు" అని వచ్చింది.

అసలు దెబ్బ బస్తాల మీద పడింది. మా 26 కిలోల బస్తాలన్నిటి మీదా ఆ ఫారం క్యూఆర్ కోడ్ అచ్చయి ఉంది. ఎవరో స్కాన్ చేసి మొలగొలుకులు రెండు బస్తాలు కావాలని రాస్తే, వాళ్ల పేరు, ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు ఆయన దగ్గర పడుతున్నాయి. మాకు కనబడవు. "ఆర్డర్ పెట్టాం, ఇంతవరకూ బియ్యం రాలేదే" అని కస్టమర్లు ఫోన్ చేస్తే ఏం చెప్పాలో తెలియని టెన్షన్.

అంతకన్నా నాకు బాధ కలిగించేది సభ్యుల ఫారం. అందులో పాసు పుస్తకం, ఆధార్ ఫోటోలు అప్‌లోడ్ చేయించాడు. గూగుల్ ఫారంలో ఎవరు అప్‌లోడ్ చేసినా ఆ ఫైళ్లు ఫారం ఓనరు గూగుల్ డ్రైవ్‌లోకే, అంటే ఆన్‌లైన్‌లో ఆయన ఫైళ్లు దాచుకునే చోటికే, పోతాయి. గ్రూపును నమ్మి కాగితాలిచ్చిన పెద్దవాళ్లకు మేం జవాబు చెప్పుకోవాలి. ఆధార్ ఇవ్వక తప్పకపోతే చివరి 4 అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఆర్డర్ల పనికైతే అసలు ఆధార్‌తో అవసరమే లేదు.

పేజీలో షీట్ అందరికీ కనబడాలని దాన్ని లింక్ ఉన్నవాళ్లెవరైనా మార్చగలిగేలా పెట్టాడు. ఒకసారి వరసలకు వరసలు చెరిగిపోయాయి. షీట్ పాత రూపాలు దాచి ఉంచే వెర్షన్ హిస్టరీలోంచి తిరిగి తెచ్చుకున్నాం గానీ, చెరిపిందెవరో పేరు లేదు. కస్టమర్ల నంబర్లున్న షీట్‌ని పేజీలో పెట్టనివ్వకండి. చూపించాలంటే స్టాకు వివరాలతో వేరే షీట్ చేయించండి.

పెద్దమనుషులు మాట్లాడాక ఆయన మా డేటాతో ఒక సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు) పంపాడు. ఎక్సెల్‌లో తెరవగానే సర్వే నంబరు 12/3 కాస్తా మార్చి 12 అయిపోయింది! అలాంటి ఫైలును డబుల్ క్లిక్ చెయ్యొద్దు. డేటా ట్యాబ్‌లోంచి తెచ్చుకుని ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టండి.

ఇప్పటికే ఇలాంటివాళ్లతో పని చేయిస్తున్నారా? యాక్సెస్ ఉండగానే, ఇవాళే, షీట్ తెరిచి మేక్ ఎ కాపీ నొక్కండి, డేటా మీ ఖాతాలోకి వస్తుంది. ఫారాన్ని కాపీ చేస్తే ప్రశ్నలే వస్తాయి, పాత జవాబులు రావు. అప్‌లోడ్ చేసిన ఫైళ్లు విడిగా దించుకోవాలి. తర్వాత ఓనర్‌షిప్ మార్చమని అడగండి. ఆయన డ్రైవ్‌లోంచి రిక్వెస్ట్ పంపాలి, మీరు యాక్సెప్ట్ చెయ్యాలి. అది పూర్తయ్యేదాకా మిగతా డబ్బు ఆపండి. కొత్తగా చేయించుకునేవాళ్లు గ్రూపు పేరుతో జీమెయిల్ తెరిచి, అందులోనే, మీ ఎదురుగానే ఫారం చేయించుకోండి. బస్తా మీద క్యూఆర్ నేరుగా ఫారానికి కాకుండా మీ పేరున కొన్న డొమైన్‌కి, అంటే మీ సొంత వెబ్ అడ్రసుకి, వెళ్లాలి. అక్కడి నుంచి ఫారానికి పంపించుకోవచ్చు. అప్పుడు ఫారం మారినా బస్తా మార్చక్కర్లేదు.

మేం ఇప్పుడు బస్తాల మీద కొత్త స్టిక్కర్లు అంటిస్తున్నాం. మా పాత బస్తాలు ఇంట్లో ఉన్నవాళ్లు ఆ క్యూఆర్ స్కాన్ చెయ్యకండి. బస్తా మీదున్న నంబరుకే ఫోన్ చేసి ఆర్డర్ చెప్పండి.