సోర్స్ నుంచి లినక్స్: రాస్ప్‌బెర్రీ పై మీదా, ల్యాప్‌టాప్ మీదా?

రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ బోర్డుకి లినక్స్ సిస్టమ్‌ను సోర్స్ (ప్రోగ్రామర్లు రాసిన కోడ్) నుంచి కట్టుకోవాలంటే మూడు దారులున్నాయి. ఆ బోర్డు మీదే కంపైల్ చేయడం (అంటే కోడ్‌ను చిప్ నడపగల ప్రోగ్రామ్‌గా మార్చడం), ల్యాప్‌టాప్‌లో క్రాస్ కంపైల్ చేసి (ఒక రకం చిప్ మీద ఇంకో రకం చిప్ కోసం కట్టి) తెచ్చి పెట్టడం, రెడీమేడ్ ప్యాకేజీలు వాడుకుంటూ అవసరమైనవి మాత్రమే కంపైల్ చేయడం. నా ఓటు ముందే చెప్పేస్తా. విజయవాడలో, అదీ మే నెలలో ఈ పని పెట్టుకుంటే మొదటిదాని జోలికి పోవద్దు.

మొదటి కారణం ఎండే. పై 4లో చిప్ 80 డిగ్రీలకు చేరితే తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది. రోహిణి కార్తెలో పటమటలో మేడ మీద గదిలో గాలే 40 దగ్గర ఉంటుంది కాబట్టి 80కి చేరడం ఎంతోసేపు పట్టదు. కంపైల్ అంటే నాలుగు కోర్లూ గంటల తరబడి ఆగకుండా నడవాలి. ఫ్యాన్ తప్పనిసరి. కానీ అది విసిరేది కూడా ఆ వేడిగాలినే.

తర్వాత ర్యామ్. పై 3 మోడల్ బీలో ఉన్నది 1 జీబీ, పై జీరో 2 డబ్ల్యూలో 512 ఎంబీయే. సోర్స్ నుంచి కట్టుకునే లినక్స్ అయిన జెంటూ వాళ్లు ఒక్కో జాబ్‌కి (ఒకేసారి నడిచే కంపైల్ పనుల్లో ఒక్కోదానికి) 2 జీబీ లెక్కేసుకోమంటారు. నాలుగు కోర్లున్నాయి కదా అని కంపైల్ పనులన్నీ నడిపించే మేక్ అనే ప్రోగ్రామ్‌కి నాలుగు జాబ్‌లు ఇస్తే, పెద్ద సీ ప్లస్ ప్లస్ ఫైల్ వచ్చేసరికి ర్యామ్ చాలక, సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నలే కంపైలర్‌ను ఆపేస్తుంది. ర్యామ్‌కి బదులు కార్డు మీది జాగా వాడే స్వాప్ పెడితే ఎస్‌డీ కార్డు అరుగుతుంది, పనీ నత్తనడక నడుస్తుంది.

ఇక కరెంటు. మధ్యలో పోతే మేక్ ఆగినచోటి నుంచే మళ్లీ మొదలుపెడుతుంది, నిజమే. కానీ అది చూసేది ఫైళ్ల టైమ్ మాత్రమే. కరెంటు పోయిన క్షణంలో సున్నా బైట్లతో మిగిలిపోయిన ఆబ్జెక్ట్ ఫైల్‌ను (ఒక్కో సోర్స్ ఫైల్‌ను కంపైల్ చేస్తే వచ్చేది) పూర్తయినట్టే లెక్కేసుకుని ముందుకెళ్తుంది, చివర్లో వాటన్నిటినీ కలిపే లింకర్ మొరాయిస్తుంది. అలాంటి ఖాళీ ఫైళ్లను వెతికి తీసేశాకే మళ్లీ మేక్ కొట్టండి. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, ఈ టెన్షన్ తక్కువ.

కెర్నల్ వరకైతే క్రాస్ కంపైల్‌కు తిరుగులేదు. పైలో ఉండే ఆర్మ్ చిప్‌కి కావాల్సిన టూల్‌చెయిన్ (కంపైలర్, లింకర్ లాంటి పనిముట్లు) వేసుకుని, ఆర్కిటెక్చర్ (చిప్ రకం) ఏదో చెబితే చాలు. చిక్కంతా మిగతా సాఫ్ట్‌వేర్‌తోనే. చాలా ప్యాకేజీల్లో కంపైల్‌కి ముందు సిస్టమ్‌ను పరీక్షించే కాన్ఫిగర్ స్క్రిప్టులు చిన్న టెస్ట్ ప్రోగ్రామ్ కంపైల్ చేసి, దాన్ని అక్కడే నడిపి చూస్తాయి. ఆర్మ్ కోసం కట్టింది ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో నడవదు కాబట్టి ఆ సమాధానాలు మీరే అందించాలి. ఈ తలనొప్పి వద్దనుకుంటే నెట్‌బీఎస్‌డీ చూడండి, అది లినక్స్ కాదు, అలాంటిదే వేరే ఆపరేటింగ్ సిస్టమ్. దాని బిల్డ్ స్క్రిప్టు తనకు కావాల్సిన టూల్‌చెయిన్‌ను తానే కట్టుకుని, లినక్స్ ల్యాప్‌టాప్ మీద కూడా మొత్తం సిస్టమ్‌ను తయారుచేస్తుంది. నాకు ఈ పద్ధతే అన్నిటికంటే నచ్చింది.

రెడీ ప్యాకేజీలు వాడుకునే మూడో దారి బద్ధకస్తులదని కొందరు వెక్కిరిస్తారు. కానీ సోర్స్‌కే పేరుపడ్డ జెంటూ కూడా 2023 డిసెంబర్‌లో 64 బిట్ ఆర్మ్‌కి రెడీ ప్యాకేజీలు ఇవ్వడం మొదలుపెట్టింది. బ్రౌజర్‌ను పై మీద కంపైల్ చేసి సాధించేదేమిటో నాకైతే అర్థం కాదు.

అయినా బోర్డు మీదే చేసి నేర్చుకుంటానంటే డిసెంబర్ దాకా ఆగి, ముందు లింకర్ ఉండే బైన్‌యుటిల్స్ ప్యాకేజీ ఒక్కటే కంపైల్ చేసి టైమ్ చూసుకోండి. లినక్స్‌ను సోర్స్ నుంచి కట్టుకోవడం నేర్పే లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్ పుస్తకం వాళ్లు మిగతా ప్యాకేజీలకు దానికి ఎన్ని రెట్ల టైమ్ పడుతుందో లెక్క ఇస్తారు. గుణించి చూసుకుని, అప్పుడు మొదలుపెట్టండి.