ఇండస్ట్రియల్ టెక్నాలజీ డిగ్రీలో చేరేముందు ఆ జీతం ఎవరిదో అడగండి

ఇండస్ట్రియల్ టెక్నాలజీ డిగ్రీకి ఫీజు కట్టబోతున్నవాళ్లు ఒక్క పది నిమిషాలు ఆగి ఇది చదవండి. నేను కట్టాను, నాలుగేళ్లు చదివాను, పట్టా తీసుకున్నాను. చదువు మంచిదే. నాకు చూపించిన జీతాల లెక్క మాత్రం తప్పు. కాలేజీ పేరు రాయడం లేదు. ఇదే తరహా మాటలు ఎక్కడైనా వినిపించొచ్చు, వాటిని గుర్తుపట్టగలిగితే చాలు.

అప్పటికి నేను సీఎన్‌సీ ఆపరేటర్‌ని, అంటే కంప్యూటర్ ఆదేశాలతో లోహాన్ని కోసి చెక్కే యంత్రాన్ని నడిపేవాణ్ని. అడ్మిషన్ల గదిలో ఒక కాగితం నా ముందు పెట్టారు. సగటు జీతం అని పెద్ద అక్షరాల్లో ఒక అంకె, నా జీతానికి దాదాపు రెండింతలు. ఆ రాత్రే చేరిపోవాలని నిర్ణయించుకున్నాను. అది ఇండస్ట్రియల్ ఇంజినీర్ల జీతమని మూడో ఏడాది ఇంటర్న్‌షిప్‌కి వెళ్లాక గానీ నాకు తెలియలేదు.

పేర్లు దగ్గరగా ఉండటంతోనే చిక్కు వస్తోంది. ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్‌లో గణితం, సిమ్యులేషన్, ఆప్టిమైజేషన్ పాలు ఎక్కువ. ఇండస్ట్రియల్ టెక్నాలజీ షాప్ ఫ్లోర్ చదువు, అంటే ఫ్యాక్టరీలో యంత్రాలు నడిచే చోటి చదువు: తయారీ పద్ధతులు, పీఎల్‌సీలు (యంత్రాలను నియంత్రించే చిన్న కంప్యూటర్లు), నాణ్యత తనిఖీ, భద్రత, మనుషుల చేత పని నడిపించడం. రెండిటికీ గుర్తింపు దారులు కూడా వేరు. దేశాల మధ్య పరస్పర గుర్తింపు కోసం ఇంజినీరింగ్ డిగ్రీలకు 1989 నాటి వాషింగ్టన్ ఒప్పందం ఉంది, ఇంజినీరింగ్ టెక్నాలజీ డిగ్రీలకు 2001 నాటి సిడ్నీ ఒప్పందం ఉంది. అమెరికాలో ఇలాంటి కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఏబెట్ సంస్థ కూడా ఈ రెండిటినీ వేర్వేరు కమిషన్ల చేత పరిశీలింపజేస్తుంది. పేరులో టెక్నాలజీ అని ఉన్నంత మాత్రాన మీ కోర్సు వీటిలో దేనికిందకైనా వస్తుందని అనుకోవద్దు. "మాకు గుర్తింపు ఉంది" అంటే అది కాలేజీకా, ఈ కోర్సుకా అని అడగండి. అప్పట్లో నాకు ఆ తేడా తెలియదు. ఇంజినీర్ లైసెన్సు కావాలన్న ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టినప్పుడు తెలిసింది.

ఇక సగటు సంగతి. పదిమందిలో తొమ్మిదిమందికి 20 చొప్పున, ఒక్కరికి 120 వస్తే సగటు 30 అవుతుంది. ఆ 30 ఆ పదిమందిలో ఎవరి చేతికీ రాదు! అందుకే మధ్యస్థ జీతం అడగండి, అంటే అందరినీ జీతం వరసలో నిలబెడితే నడిమి మనిషికి వచ్చేది. ఉద్యోగాలు వచ్చినవారి శాతం చెబితే, ఎంతమందిలో అని అడగండి. చేరినవాళ్లందరిలోనా, పాసైనవాళ్లలోనా, ప్లేస్‌మెంట్‌కి పేరిచ్చినవాళ్లలోనా? ఎంతమందిలో అన్న ఆ అంకెను తగ్గిస్తే శాతం పెరిగిపోతుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ దెబ్బతీసింది ఖర్చు లెక్క. ఫీజు ఒక్కటే ఖర్చనుకున్నాను. ల్యాబ్ రుసుములు, పరికరాలు, సాఫ్ట్‌వేర్ పక్కన పెట్టినా, నాలుగేళ్లు వదులుకున్న నా జీతం ఫీజుకంటే పెద్ద మొత్తం. దాన్ని ఖర్చుగా ఎవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు. పైగా అప్పు. ఏటా మొదట్లో 25 చొప్పున నాలుగేళ్లు తీసుకుని, చదువుతున్నన్నాళ్లూ వడ్డీ కట్టకుండా వదిలేస్తే, 10 శాతం చక్రవడ్డీ మీద తీసుకున్న 100 కాస్తా పట్టా వచ్చేనాటికి 127 దాటుతుంది. మొదటి వాయిదా కట్టకముందే అంత పెరిగిపోతుంది.

రాబడి వైపు కూడా ఒక మెలిక ఉంది. డిగ్రీ అయ్యాక నాకు షిఫ్ట్ సూపర్‌వైజర్ ఉద్యోగం వచ్చింది. ఆపరేటర్‌గా ఉన్నప్పుడు గంటల లెక్క, అదనపు గంటలకు ఓవర్‌టైమ్. సూపర్‌వైజర్‌గా జీతం నికరం, కానీ లైన్ ఆగిపోతే ఎన్ని గంటలు ఉండిపోయినా పైసా అదనం రాదు. పాత జీతానికి ఓవర్‌టైమ్ కలిపి కొత్త జీతంతో పోల్చుకుంటే మిగిలిన తేడా చాలా చిన్నది. డిగ్రీ సంపాదించిపెట్టేది ఆ తేడానే, మొత్తం జీతం కాదు. మీరు పెట్టిందంతా వెనక్కి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో ఆ తేడాతోనే భాగించి చూడండి. నాకు పదమూడేళ్లు వచ్చింది.

ఇది అందరికీ నష్టమని నేను అనను. నాతో చదివిన ఒకామె ఉద్యోగం మానకుండా సాయంత్రం తరగతులకు వచ్చేది, ఫీజులో సగం కంపెనీ భరించింది, పాత డిప్లొమా క్రెడిట్లు కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఆమె పెట్టిన డబ్బు మూడో ఏడాదికే వెనక్కి వచ్చేసింది. చదివింది అదే కోర్సు, అవే ల్యాబ్‌లు. మీ దగ్గరా ఇలాంటి వెసులుబాటు ఉందేమో ముందే కనుక్కోండి, ముఖ్యంగా ఇప్పటికే షాప్ ఫ్లోర్‌లో ఉన్నవాళ్లు.

పోయిన నెల మా వర్క్‌షాపు కుర్రాడు ఒకడు నేను చదివిన చోటే చేరతానన్నాడు. కిందటి రెండు బ్యాచ్‌లవాళ్లు ఏ హోదాల్లో చేరారో, మధ్యస్థ జీతం ఎంతో రాతపూర్వకంగా ఇమ్మని అడిగి రమ్మన్నాను. మెయిల్ చేస్తామన్నారట. మూడు వారాలైంది, ఇంకా రాలేదు. వాడి ఫీజు డబ్బు వాడి ఖాతాలోనే ఉంది.