గ్రానైట్ ఫ్యాక్టరీకి సాఫ్ట్‌వేర్ పెట్టించుకునేవాళ్లు జాగ్రత్త, మన స్టాకు మనకే చూపించరు

చీమకుర్తి, ఒంగోలు వైపు ఫ్యాక్టరీ ఉన్నవాళ్లు ఇది చదవండి. "మీ ఫ్యాక్టరీని డిజిటల్ చేస్తాం" అని తిరుగుతున్న ఆ కంపెనీ ఏదో మీకు తెలుసు, పేరు రాయను. బ్లాకు వచ్చిన దగ్గర్నుంచి స్లాబు లోడయ్యేదాకా అంతా సెల్లో కనపడుతుంది, రికవరీ (ఒక్కో బ్లాకుకు తేలే స్లాబు అడుగులు) పెరుగుతుంది, కోత బ్లేడుకుండే సెగ్మెంట్ల (వజ్రపు పళ్ల) ఖర్చు తగ్గుతుంది అన్నారు. టర్నోవరు 5 కోట్లు దాటితే 2023 ఆగస్టు 1 నుంచి జీఎస్టీ ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి కదా, ఆ భయాన్ని కూడా కలిపి అమ్మారు.

మన దగ్గర గ్రాస్ కొలత (స్లాబు మొత్తం) వేరు, నెట్ కొలత (విరిగింది తీసేసి బిల్లు వేసేది) వేరు అని చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది. బ్లాక్ గెలాక్సీ (మన చీమకుర్తి నల్ల రాయి) స్లాబుకు మూల విరిగితే ఎంత తీసేయాలో ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. టైల్స్ షాపు కోసం రాసిందాన్ని తెచ్చి మనకు తగిలించారు. రికవరీ పెరిగిన మాట నిజమే, స్క్రీన్ మీద! యార్డులో స్లాబులు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి.

అదీ సరే అనుకున్నా. నిన్న సాయంత్రం జరిగిందే మింగుడు పడడం లేదు. చెన్నై లోడు. స్లాబులు ఎక్కించి తాళ్లు కూడా బిగించేశారు. ప్యాకింగ్ లిస్టు (ఏ స్లాబు ఎన్ని అడుగులో ఉండే కాగితం) తీద్దామని సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఎర్ర అక్షరాల్లో "సబ్‌స్క్రిప్షన్ ముగిసింది". ఫోన్ చేస్తే, అమ్మేటప్పుడు అన్నా అన్నా అని వెంటపడ్డ కుర్రాడే ఎత్తాడు. ఇప్పుడు సార్ అయిపోయా.

"ఏఎంసీ, ఏడాది మెయింటెనెన్స్ డబ్బులు కట్టండి సార్, ఓపెన్ చేస్తాం."

"కడతా తమ్ముడూ. ముందు ఈ ఒక్క లోడు లిస్టు ఇవ్వు, లారీ ఆగిపోయింది."

"డేటా మా సర్వర్లో ఉంది సార్. పేమెంట్ వచ్చాకే."

"స్లాబులు నావి కదయ్యా!"

"స్లాబులు మీవే సార్, తీసుకెళ్లండి. ఎవరొద్దన్నారు?"

పక్కన ఎవడో కిసుక్కున నవ్వడం కూడా వినపడింది. నా స్టాకు లెక్క నాకు చూపించడానికి నా దగ్గరే డబ్బులు. ఆహా, ఏం అభివృద్ధి!

50,000 రూపాయలు దాటిన సరుకు లారీలో పంపాలంటే ఈ-వే బిల్లు ఉండాలి. అది ప్రభుత్వ పోర్టల్లో ఫ్రీగానే తీసుకోవచ్చు, వీళ్లతో పనే లేదు. కానీ ఎన్ని అడుగులో తేలకుండా విలువ ఎంతని వేస్తాం? లోడు మొత్తం దింపించి, లైట్లు వేసి, స్లాబు స్లాబుకూ టేపు పట్టించి కాగితం మీద రాయించా. లారీ వెయిటింగు, కూలీలకు రాత్రి డబ్బులు, అటు పార్టీ నుంచి ఫోన్ల మీద ఫోన్లు.

సాఫ్ట్‌వేరే వద్దని కాదు. మా పక్క ఫ్యాక్టరీవాళ్లు టాలీ పెట్టుకుని, లెక్కంతా తమ కంప్యూటర్లోనే ఉంచుకుని హాయిగా నడుపుకుంటున్నారు. కొనేవాళ్లు, డబ్బులు ఆగినా డేటా ఎక్సెల్లో ఇచ్చి తీరాలని అగ్రిమెంటులో రాయించుకోండి. వారం వారం ఆ డేటా డౌన్‌లోడ్ చేసి మీ దగ్గర పెట్టుకోండి. డెమోలో ఒక్క స్లాబుకు గ్రాసూ నెట్టూ వేసి చూపించమనండి, చాలు. ఆ కుర్రాడు ఇప్పుడు రామతీర్థం వైపు తిరుగుతున్నాడట, మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబు.