అత్తయ్యగారితో పెరన్‌పోర్త్: ఇసుక మింగిన చర్చి

ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ వెళ్తున్నామంటే అందరూ బీచ్‌ల పేర్లే చెప్పారు. నాకేమో పెరన్‌పోర్త్ పక్కన ఇసుకదిబ్బల్లో ఉన్న సెయింట్ పిరాన్ ప్రార్థనా మందిరం చూడాలని. నెల్లూరు నుంచి వచ్చిన మా అత్తయ్యగారికి మాత్రం సముద్రం అనే చెప్పి బయల్దేరదీశాం.

లండన్ పాడింగ్టన్ నుంచి ట్రూరోకి రైల్లో నాలుగున్నర గంటలు దాటింది. అక్కణ్ణుంచి బస్సు. దిగింది ఒక చిన్న బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్‌లో. సముద్రం కనిపించే గది అన్నారు. కనిపించింది, బాత్రూం కిటికీ దగ్గర మునివేళ్ళ మీద నిలబడితే! టిఫిన్‌కి మాత్రం వంక పెట్టలేం: టోస్టు, బీన్స్, వేయించిన పుట్టగొడుగులు, అన్నీ పొగలు కక్కుతూ. అత్తయ్యగారు బీన్స్ మీద తన కారప్పొడి చల్లుకున్నారు.

ఈ చుట్టుపక్కలంతా పెరన్‌జాబ్యులో పారిష్ (ఒక చర్చి కింది ఊళ్ళ పరిధి) కిందికి వస్తుంది. ఆ పేరుకి అర్థమే 'ఇసుకలోని పిరాన్'. ఐర్లాండ్‌లో ఆయన మెడకి తిరగలిరాయి కట్టి సముద్రంలోకి తోసేస్తే, ఆ రాయి తేలి ఈ ఒడ్డుకి చేర్చిందని కథ. ఆయన కట్టుకున్న మందిరం 6వ శతాబ్దంనాటిదని స్థానికుల నమ్మకం. ఇప్పుడు కనిపించే గోడల వయసు మీద మాత్రం వాదనలు ఉన్నాయి.

దిబ్బల్లో తెల్లరాళ్ళు గుర్తుగా పెట్టారు, వాటిని పట్టుకుని నడిచాం. ఒక అడుగు వేస్తే అర అడుగు వెనక్కి. తీరా చేరాక, ఉన్నమాట చెప్పాలంటే, నిరాశే. కాంక్రీటు గోడల మధ్య గుంటలా ఉంది, అడుగున మొండిగోడలు, కాస్త నీళ్ళు. దాని చరిత్ర తెలియకపోతే పాడుబడ్డ నీళ్ళతొట్టి అనుకుంటారు. 1835లో ఇసుక తవ్వి దీన్ని బయటికి తీశారు. 1910లో కాపాడదామని చుట్టూ కాంక్రీటు కట్టడం లేపారు. వరదనీరు, అల్లరిమూకలు భరించలేక 1980లో మళ్ళీ ఇసుకలోనే పూడ్చేశారు. 2014లో మళ్ళీ తవ్వారు! ద్వారం చుట్టూ ఉండే మూడు రాతి తలలు ట్రూరో మ్యూజియంలో ఉన్నాయి, మాకు టైం చాల్లేదు.

"మా పెరుమాళ్ళపాడు గుడి లాగే ఉంది కదా నాయనా," అన్నారు అత్తయ్యగారు. 2020లో పెన్నా ఇసుక తవ్వి తీసిన నాగేశ్వరాలయం సంగతి. నిజమే, నాకు తట్టనే లేదు.

అక్కణ్ణుంచి కాస్త నడిస్తే పాత చర్చి. అసలు చూడాల్సింది ఇదే. మందిరాన్ని ఇసుక కమ్మేస్తోందని వాగు దాటి ఇవతల దీన్ని కట్టుకున్నారు. ఇసుక నీళ్ళు దాటదని ధీమా. చాలా ఏళ్ళు దాటలేదు కూడా. తర్వాత గనుల తవ్వకాలతో ఆ వాగు ఎండిపోయింది, ఇసుక ఇవతలికి వచ్చేసింది. పిరాన్ అంటే తగరపు గనుల వాళ్ళ ఇలవేల్పు మరి! చివరికి రాళ్ళు ఊడదీసి మోసుకెళ్ళి, రెండు మైళ్ళకి పైగా లోపలికి జరిగి కొత్త చర్చి కట్టుకున్నారు. అది 1805లో తెరుచుకుంది.

ఆ మొండిగోడల పక్కనే నిలువెత్తు గ్రానైట్ శిలువ. 960 నాటి దానపత్రంలోనే దీని ప్రస్తావన ఉందంటారు. తల గుండ్రం, అందులో మూడు రంధ్రాలు ఇటునుంచి అటుకి. నాలుగోది తొలవడం మొదలుపెట్టి వదిలేసినట్టు గుంటగా ఉంది. అంత గాలిలోనూ అత్తయ్యగారు కొంగు బిగించి దాన్నే చూస్తూ నిలబడ్డారు. "కూలి సరిగ్గా ఇవ్వలేదేమో," అన్నారు.

వెళ్ళేవాళ్ళకి నా సలహా: షూస్ వేసుకోండి, చెప్పులు వద్దు. మందిరం ముందు, శిలువ తర్వాత చూడండి. దారిలో టీకొట్టు ఒక్కటీ తగల్లేదు, ఫ్లాస్కు తప్పనిసరి. ఆదివారం వెళ్తే తిరుగు బస్సు టైం ముందే చూసుకోండి. మేము చూసుకోలేదు, గంటా పది నిమిషాలు స్టాపులో నిలబడ్డాం.