ఆరేళ్ల వైఫై కంట్రోలర్: నా గొడవంతా గడియారంతోనే

మా కాలేజీ హాస్టళ్లలో ఈ కంట్రోలర్ ఆరేళ్లుగా నడుస్తోంది. గోడల మీద వైఫై సిగ్నల్ ఇచ్చే 64 యాక్సెస్ పాయింట్లనీ ఒక్కచోట నుంచి నడిపించేది ఇదే. స్పీడు, రేంజి సంగతి అందరూ రాసేదే, నేను రాయను.

మొదట్లో ఎవరడిగినా ఒకటే చెప్పేవాణ్ని: "యాక్సెస్ పాయింట్‌ని గోడకి బిగించి కేబుల్ పెట్టండి చాలు, కంట్రోలర్‌ని అదే వెతుక్కుంటుంది." అబద్ధం కాదు. డీహెచ్‌సీపీ ఆప్షన్ 43లో (నెట్‌వర్క్‌లో చేరే పరికరానికి ఐపీ అడ్రసుతో పాటు అందే సెట్టింగ్) కంట్రోలర్ ఐపీ రాసి పెడితే, కొత్తది తనంతట తనే వచ్చి చేరి, ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) కూడా దించుకునేది.

పోయిన వేసవిలో ఒక రాత్రి కరెంటు పోయింది. యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. కరెంటొచ్చాక కంట్రోలర్ లేచింది గానీ యాక్సెస్ పాయింట్ ఒక్కటీ జాయిన్ కావట్లేదు. పింగ్ (అవతలిది పలుకుతోందా అని చూసే పరీక్ష) మాత్రం శుభ్రంగా వెళ్తోంది! స్విచ్ మార్చాను. ఆప్షన్ 43 మళ్లీ రాశాను. నిచ్చెనెక్కి ఒకదాన్ని ఊడదీసి రీసెట్ కొట్టాను. మధ్యలో వార్డెన్ గారి ఫోన్లు. చివరికి తెల్లవారుజామున 3 గంటలకు నెట్‌వర్క్‌లో వెళ్లే డేటా ప్యాకెట్లు పట్టి చూశాను. యూడీపీ పోర్టు 5246 (రెండూ మాట్లాడుకునే దారి) మీద యాక్సెస్ పాయింట్ "ఎవరైనా ఉన్నారా" అంటోంది, కంట్రోలర్ "ఉన్నాను" అంటోంది. తర్వాత డీటీఎల్‌ఎస్ (ఒకరి సర్టిఫికెట్ ఒకరు చూసుకుని రహస్యంగా మాట్లాడుకునే పద్ధతి) మొదలై సర్టిఫికెట్ దగ్గర తెగిపోతోంది. మళ్లీ మొదటికి.

అప్పుడు గానీ కంట్రోలర్‌లో తేదీ చూడాలని తట్టలేదు. 2000 జనవరి 1! లోపలి బటన్ బ్యాటరీ అయిపోయింది. ఎన్‌టీపీ (నెట్‌వర్క్ నుంచి టైము తెచ్చుకునే సెట్టింగ్) దగ్గర మేం ఎప్పుడో తీసేసిన పాత సర్వర్ ఐపీ ఉంది (ఆ తప్పు నాదే). కంట్రోలర్ లెక్కలో ఆ సర్టిఫికెట్లు ఇంకా పుట్టనేలేదు. తేదీ చేత్తో సరిచేస్తే ఒక్కొక్కటే వచ్చి చేరాయి. "తేదీ చూసుకో" అని మొదటి స్క్రీన్ మీద ఒక్క ముక్క పెడితే తయారుచేసినవాళ్ల సొమ్మేం పోయింది?

ఆ రాత్రి వైఫై ఆగనిది ఒక్క మెస్ బ్లాక్‌లోనే. అక్కడ లోకల్ స్విచింగ్ పెట్టి ఉంది, అంటే డేటా కంట్రోలర్ దాకా పోకుండా అక్కడి నుంచే నేరుగా వెళ్లిపోతుంది. మిగతా చోట్ల డేటా అంతా పోర్టు 5247 టన్నెల్‌లో కంట్రోలర్ దాకా వెళ్లి రావాల్సిందే. ఇప్పుడు అన్ని బ్లాకులూ లోకల్ స్విచింగ్‌కి మార్చేశాను.

కొనమంటారా అంటే, నేను క్యాంపస్‌లోనే ఉంటాను, అర్ధరాత్రయినా పరిగెత్తగలను కాబట్టి నాకు నడుస్తోంది. మనిషి లేని బ్రాంచికి నేనైతే పెట్టను. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే యాక్సెస్ పాయింట్ సర్టిఫికెట్ గడువు చూడండి. మావాటికి తయారైన నాటి నుంచి 10 ఏళ్లే. అంటే నాకింకా నాలుగేళ్లు కూడా లేవు.