పోస్ట్‌గ్రెస్‌లో కీసెట్ పేజింగ్: చాలాకాలం వాడాక

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోని ఆర్డర్ల టేబుల్‌ను పేజీకి 50 వరుసల చొప్పున చూపించాలంటే అందరి చెయ్యీ ముందు లిమిట్ (ఎన్ని వరుసలు ఇవ్వాలి), ఆఫ్‌సెట్ (ముందు ఎన్ని వదిలేయాలి) మీదికే పోతుంది. మొదటి పది ఇరవై పేజీల దాకా దానికి వంక పెట్టలేం. 2001వ పేజీ అడిగితే మాత్రం సర్వర్ 1,00,050 వరుసలు చదివి, లక్ష పారేసి, 50 మన చేతిలో పెడుతుంది. క్వెరీ ఎలా నడిచిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌లో లిమిట్ కిందున్న నోడ్ (అడుగు) చూడండి, ఆ లెక్క కనబడుతుంది. ఇండెక్స్ (వరుసలను త్వరగా వెతికే క్రమబద్ధమైన సూచీ) ఉన్నా ఈ దండగ తప్పదు. పైగా, కొత్తవి ముందు వచ్చే జాబితాలో ఈలోగా ఒక ఆర్డర్ చేరితే మొదటి పేజీ చివరి వరుస రెండో పేజీలో మళ్ళీ ప్రత్యక్షం.

కీసెట్ పేజింగ్‌లో ఆఫ్‌సెట్ బదులు, చూపించిన పేజీలోని చివరి వరుస తేదీ, ఐడీ దగ్గర పెట్టుకుని, తర్వాతి క్వెరీలో ఆ జంట కంటే చిన్నవి అడుగుతాం. రెండు కాలమ్‌లనూ ఒకే బ్రాకెట్‌లో పెట్టి పోల్చాలి. విడివిడిగా యాండ్‌తో పోలిస్తే వరుసలు జారిపోతాయి. (తేదీ, ఐడీ) మీద మామూలు ఇండెక్స్ ఒకటి చాలు, డిసెండింగ్‌కు (పెద్దవి ముందు వచ్చే క్రమానికి) దాన్నే వెనక నుంచి చదువుతుంది. ఎంత లోతుకు వెళ్ళినా వేగం దాదాపు ఒకటే.

చిక్కంతా ఆ తేదీ కాలమ్‌లోని టైమ్‌స్టాంప్‌తో (తేదీ, సమయం కలిసిన విలువతో). పోస్ట్‌గ్రెస్ మైక్రోసెకన్ల దాకా దాచుకుంటుంది, జావాస్క్రిప్ట్ డేట్ మిల్లీసెకన్ల దగ్గరే ఆగిపోతుంది. అలా కత్తిరించిన విలువ తిరిగి పంపితే డిసెండింగ్‌లో కొన్ని వరుసలు చడీచప్పుడు లేకుండా మాయం, అసెండింగ్‌లో చివరి వరుస మళ్ళీ వస్తుంది. టెస్ట్ డేటాలో ఇది దొరకదు, లోడ్ పెరిగాకే బయటపడుతుంది. తేదీని టెక్స్ట్‌గానే పంపండి. కాలమ్‌కు నాట్ నల్ (ఖాళీగా ఉండకూడదన్న షరతు) కూడా ఉండాలి. ఒక కాలమ్ అసెండింగ్, ఇంకోటి డిసెండింగ్ అయితే జంట పోలిక పనికిరాదు, ఆర్ షరతులు రాసుకోవాల్సిందే.

కీసెట్‌లో నేరుగా 40వ పేజీకి దూకడం కుదరదు. మేనేజర్లు అడుగుతారు, నిజంగా నొక్కేవాళ్ళు తక్కువ. మొత్తం కౌంట్ కూడా వద్దు, 51 వరుసలు తెచ్చుకుని 51వది ఉంటే "తర్వాత" బటన్ చూపిస్తే సరి.

టేబుల్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేయాలంటే కర్సర్ (ఫలితాన్ని కొంచెం కొంచెంగా తెచ్చుకునే పద్ధతి) మేలు. జావా నుంచి డేటాబేస్‌తో మాట్లాడే జేడీబీసీలో ఫెచ్ సైజ్ (ఒక్కోసారి ఎన్ని వరుసలు తేవాలి) పెట్టినా ఆటోకమిట్ (ప్రతి క్వెరీనీ దానంతటదే ముగించే అమరిక) ఆపకపోతే డ్రైవర్ ఫలితమంతా మెమరీలోకి లాగేస్తుంది.